ఐసు మీద ఆడవి, ఇసుక మీద మగవి

ఉద్యోగంలో చేరినప్పుడు నా చేతికి కత్తి ఇచ్చారు. దిగిపోయిన రోజున నా చేతిలో చీపురు ఉంది. పైకెక్కినవాళ్ళు తమ కథలు తామే రాసుకుంటారు, వాటికి లోటు లేదు. ఇది కిందికి దింపేసిన మనిషి కథ. ప్రయోగశాలల్లో కొత్తగా చేరే పిల్లల కోసం రాస్తున్నాను. పెద్దవాళ్ళు చదివి మారతారన్న ఆశ నాకు లేదు. రాత నాకు నలభై దాటాక వచ్చింది. వాక్యం ఎక్కడైనా కుంటితే మీరే సర్దుకోండి.

మాది ఆర్యపల్లి, ఒడిశాలో ఛత్రపూర్ దగ్గర సముద్రం ఒడ్డున తెలుగు జాలర్ల ఊరు. పెళ్ళయ్యాక గంప నెత్తిన పెట్టుకుని బరంపురం వీధుల్లో చేపలమ్మాను. ఒక ఇంటి ముందు కూర్చుని చేప కోస్తుంటే ఆ ఇంటాయన వచ్చి నిలబడి చూశాడు. కాలేజీలో చేపల శాస్త్రం చెప్పే సారు, ఒడియా ఆయన. చేదు తిత్తి పగలకుండా కాలేయాన్ని ఒడిసి బయటికి తీయడం ఆయనకు నచ్చింది.

"మౌసీ, మా ల్యాబుకి వస్తావా? ఎండలో తిరగక్కర్లేదు" అన్నాడు. మౌసీ అంటే వాళ్ళ భాషలో పిన్ని.

వెళ్ళాను. కిటికీ పక్కన నల్లరాతి బల్ల, దానికి ఎత్తు స్టూలు, గోడ మేకుకు తెల్ల కోటు. ఆ బల్ల దగ్గర నేను కూర్చుని కోస్తుంటే సార్లు చుట్టూ నిలబడి మాట్లాడేవారు. నేను కూర్చుని ఉండగా చదువుకున్న మగవాడు నా ముందు నిలబడటం నా జన్మలో అదే మొదలు. ఊళ్ళో ఎవరైనా ఏం పని అని అడిగితే ఆ బల్ల గురించే చెప్పేదాన్ని. ఆ బల్లే పోయింది. ఎలా పోయిందో చెబుతాను.

కొన్నేళ్ళకు సారు దగ్గర పరిశోధనకు ఒక పాప చేరింది. బరంపురంలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, తండ్రి రైల్వేలో గుమాస్తా. బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు. మొదటి వారం చేపల వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే ఉంది. రెండో వారానికి నన్ను పిన్నీ అని పిలవడం మొదలుపెట్టింది. నేను పాపా అనేదాన్ని.

పాప పని ఇలిశి చేప మీద. గోదావరి వాళ్ళు ఏట్లోకి ఎక్కాక పులస అని పేరు పెట్టి మురిసిపోతారే, అదే. ఆడ ఇలిశి ఒంట్లో, మగ ఇలిశి ఒంట్లో జీన్లు ఎలా పనిచేస్తాయో తేడా చూడాలి. అదేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను.

"రెండు ఇళ్ళు అనుకో పిన్నీ. కట్టడం ఒకటే, లోపల పెట్టిన దీపాలూ దాదాపు అవే. కానీ ఆడ ఇంట్లో కొన్ని దీపాలు వెలుగుతాయి, మగ ఇంట్లో వేరే కొన్ని. ఏవి వెలిగాయో మన మిషను చూపిస్తుంది."

"దానికి మిషనెందుకే? ఆడోళ్ళింట్లో వంటగది దీపం ఎప్పుడూ ఆరదు. అది నానే సెప్తాను కదా" అన్నాను. పాప పడీ పడీ నవ్వింది.

ఇలిశి అల్పాయుష్షు చేప. నీళ్ళలోంచి బయటపడగానే చచ్చిపోతుంది. తొట్టెలో వేసి ప్రాణంతో బరంపురం తీసుకురావడం కుదరదు. అందుకని నన్నే ఆర్యపల్లి పంపేవారు. పడవలు ఒడ్డుకొచ్చే వేళకు అక్కడుండాలి, చేపలు కొనాలి, మా వదిన పాకలో కూర్చుని కోయాలి. కాలేయం ముక్క, మెదడు ముక్క మందు నీళ్ళున్న బొటనవేలంత గొట్టాల్లో వెయ్యాలి. గొట్టం మీద అప్పుడే గుర్తు పెట్టాలి. మగదానికి ఎమ్, ఆడదానికి ఎఫ్.

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఆ రెండూ పాపే నేర్పింది. రెండూ వచ్చేశాక నేనే అడిగాను, మన తెలుగు అక్షరాలు కూడా ఇంతేనా, ఇంత తేలిగ్గా వస్తాయా అని. అన్నం తిన్నాక సారు ఇంటికెళ్ళి కునుకు తీసే వేళ మా బడి. గాజు పలక మీద ఇంకు పెన్నుతో పాప రాసేది, నేను కింద దిద్దేదాన్ని, స్పిరిట్ దూదితో తుడిచేసేవాళ్ళం. ఇప్పటికీ నాకు 'అ' అంటే స్పిరిట్ వాసనే. ఒకరోజు నా పేరు నేను రాసుకుని తుడవడానికి చేతులు రాక కూర్చున్నాను. "తుడువు పిన్నీ, మళ్ళీ రాసుకుందువుగాని" అని పాప నా భుజం తట్టింది. అంత మంచి పిల్ల అది. మంచి పిల్ల కాకపోతే ఈ కథ రాయడానికి ఏముంది?

రెండు మూడు సీజన్లు గడిచాయి. మిషను ఎర్ర గళ్ళు, పచ్చ గళ్ళు వేసి బొమ్మలు ఇచ్చింది. సారు ఎగిరి గంతేసినంత పని చేశాడు. మగ ఇలిశిలో కష్టాన్ని ఓర్చుకునే దీపాలు నిండుగా వెలుగుతున్నాయట, ఆడదాంట్లో అవి మినుకుమినుకుమంటున్నాయట. మగ చేపకు ప్రకృతి ఇచ్చిన ఓర్పు అని సారు వ్యాసం రాశాడు. ఎక్కడెక్కడికో వెళ్ళి మాట్లాడి వచ్చాడు. ఆ వ్యాసం చూపించి ఇంకో పెద్ద ప్రాజెక్టు తెచ్చుకున్నాడు. డిపార్ట్‌మెంటులో మగవాళ్ళందరూ తామే ఏటికి ఎదురీది వచ్చినట్టు తిరిగారు.

స్టోరు చూసుకునేవాడు మావైపు తెలుగువాడే, అక్క వరసలో నన్ను అప్పా అంటాడు. వాడొచ్చి నా బల్ల మీద మోచెయ్యి ఆన్చాడు. "సూసావా అప్పా! మగోడు పడే కట్టం ఇన్నాళ్ళకి మిషను కనిపెట్టినాది."

"ఇంటికెల్లి నీ పెళ్ళానికి సెప్పు. అట్లకాడతో సన్మానం సేస్తాది" అన్నాను.

పాప థీసిస్ రాయడానికి కూర్చుంది. అందులో చేపలు పట్టే చోటు ఫొటో ఒకటి ఉండాలట. అన్నేళ్ళలో సారు ఒక్కసారి ఆర్యపల్లి వచ్చాడు. ఎండబెట్టిన చేపల కంపుకి జీపు దిగకుండానే తిరిగి వెళ్ళిపోయాడు. పాప అసలు రాలేదు. వచ్చిన ముక్కల్ని మిషనుకెక్కించడమే దాని పని, ఒడ్డు పని నాది. అలా పంచేసింది సారే. ఫొటో కోసం మొదటిసారి నాతో బస్సెక్కింది.

పడవలు వచ్చాయి, వలలు దులిపారు. మా ఒడ్డున ఆడవాళ్ళు ఇలిశిని చేతిలోకి తీసుకుని పొట్ట కింద బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కుతారు. పాలు కారితే మగది, గుడ్డు తగిలితే ఆడది. గుడ్డువి తాటాకు పందిరి కిందికి, ఐసు మీదికి వెళ్తాయి. మగవి ఇసుక మీద పడతాయి. వేలం పాట ముందు ఐసు చేపలకి. కొనేవాళ్ళ వాన్లు కాచుకుని ఉంటాయి కదా. అది అయ్యాకే ఇసుక మీదివాటి సంగతి. నేను పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అంతే. మీ ఇంట్లో గడప ఎటువైపు ఉందో ఎవరికైనా పనిగట్టుకుని చెబుతారా? నేనూ చెప్పలేదు. ఆడవి ఇన్ని, మగవి ఇన్ని తెమ్మన్నారు, తెచ్చాను.

పాప ఫొటో తీయడం ఆపేసి అలాగే చూస్తోంది. మా వదిన దగ్గరికెళ్ళి అడిగింది. "ఇవి ఐసులో, అవి ఎండలో. ఎందుకలాగ?"

"ఏటమ్మా, బరంపురంలో ఇదీ సెప్పరేటి?" వదిన నవ్వింది. "గుడ్డు సేప పొట్ట ఎండకి మెత్తబడిపోద్ది. షావుకారు ఏలెట్టి నొక్కి సూస్తాడు. మెత్తగుంటే మొకం తిప్పేసుకుని ఎల్లిపోతాడు. అందుకని దానికి ముందు ఐసు. మగదానికేటి? ఎలగున్నా పులుసులోకే."

"మగవి ఎంతసేపు ఇలాగ ఎండలో ఉంటాయి?"

"పాట అయ్యీదాకా. ఓలమ్మ, మగ సేప మీద ఇంత జాలేటే నీకు? పెళ్ళి కాలేదేటి?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు గొల్లుమన్నారు. పాప వంగి ఇసుక మీది మగ చేపను ముట్టుకుని వేడి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాసన పడలేదనుకుని వదిన నీళ్ళ చెంబు తెచ్చింది. పాప నా చెయ్యి పట్టుకుంది.

"పిన్నీ, మన మగ చేపల్లో వెలిగిన దీపాలు మగతనం వెలిగించినవి కావు. ఎండ వెలిగించింది."

"సచ్చిన సేపకి ఎండేటి పాపా?"

"చచ్చిపోయినా కాసేపు ఒంట్లో పని జరుగుతూనే ఉంటుంది పిన్నీ. వేడి తగిలితే తట్టుకోవాలని చూస్తుంది. మనం ఆడదానికీ మగదానికీ తేడా చూడలేదు. ఐసుకీ ఇసక్కీ తేడా చూశాం."

ఫొటో మాత్రం తీసింది. థీసిస్‌లో ఉంది ఆ ఫొటో. ఐసు వైపు రాకుండా తీసినది.

ఆ వారమే నన్ను మళ్ళీ పంపింది. ఈసారి మగవి కొన్ని వల్లోంచే ఐసులో పెట్టించాను, ఆడవి కొన్ని ఇసుక మీద పడేయించాను. ఇసుక మీద పడేసిన గుడ్డు చేపను చూసి మా వదిన నాకు మతిపోయిందనుకుంది. మిషను తిరిగింది. ఇప్పుడు ఆ దీపాలు ఆడవాటిలో వెలిగాయి.

పాప ఆ బొమ్మలు పట్టుకుని సారు గదిలోకి వెళ్ళింది. నా బల్లకూ ఆ గదికీ మధ్య చెక్క అడ్డమే. ప్రతి మాటా వినబడింది.

"ఒక్క సీజన్ ఇవ్వండి సార్. అన్నీ పడవలోనే ఐసులో పెట్టించి మళ్ళీ చేస్తాను. మొదటి వ్యాసం తప్పని మనమే రాసేద్దాం."

"నీకు డిగ్రీ కావాలా? లేకపోతే ఆర్యపల్లిలో ఐసు కంపెనీ పెట్టుకుంటావా?" సారు గొంతు పెద్దది చేయలేదు. "ఆ వ్యాసం మీద నా పేరుంది. ప్రాజెక్టు దాని మీదే వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాసి ఇచ్చేయ్."

పాప ఇవ్వలేదు. అది నేను ఒప్పుకుని తీరాలి. ఏడ్చుకుంటూ వచ్చి నా స్టూలు పక్కన నేల మీద కూర్చుంది గాని, తప్పు బొమ్మలతో థీసిస్ ఇవ్వలేదు. హెడ్డుగారికి చెప్పింది. హెడ్డుగారు బయటినుంచి ఇద్దరు పెద్దలను పిలిపించారు. పని ఎక్కడ చెడిందో తేల్చి, పాపకు ఇంకో సీజన్ ఇవ్వాలో లేదో వాళ్ళు చెబుతారు. లేదంటే అన్నేళ్ళ చదువూ నీళ్ళపాలే. ఆ సీజన్ పాపకు ఇప్పించమని నేను తారాతారిణి అమ్మవారికి మొక్కుకున్నాను. నా బల్ల కోసం మొక్కుకోవాలని నాకు తెలియదు.

ఆ పెద్దలు వచ్చిన రోజు పొద్దున్న వరండాలో సారు, పాప ఏదో మాట్లాడుకుంటున్నారు. మాట్లాడటం అయ్యాక పాప నా ముందునుంచే వెళ్ళింది. పిన్నీ అనలేదు. భయంలో ఉంది పాపం అనుకున్నాను.

టీ పట్టుకుని పెద్దలు కూర్చున్న గదిలోకి నన్నే రమ్మన్నారు. స్టోరువాడు చేసే పని నాకెందుకు చెప్పారో అర్థం కాలేదు. కప్పులు పెట్టి వెనక్కి తిరిగితే సారు ఆపాడు.

"ఒడ్డున చేపలు కోసేదీ, గొట్టాల మీద గుర్తులు పెట్టేదీ ఈ మౌసీయే. ఆడ గుర్తులూ మగ గుర్తులూ అక్కడే కలిసిపోయాయని మా అనుమానం. మా పద్ధతిలో లోపం లేదు."

బయటినుంచి వచ్చినవారిలో కళ్ళద్దాలాయన నన్ను చూశాడు. అడగడం మాత్రం పాపను అడిగాడు. "ఈవిడకి చదువు వచ్చా?"

పాప పెన్ను మూత తీసింది, పెట్టింది. ఒడియాలో చెప్పింది, నాకు గౌరవం తగ్గకుండానే చెప్పింది.

"రాదు సార్. ఆవిడకి చదువు రాదు."

గది అంతా ఒక్కసారి నా నుంచి దూరం జరిగినట్టయింది. నేను మూగదాన్ని కాదు. "నాకొచ్చు" అన్నాను.

కళ్ళద్దాలాయన ముందున్న కాగితం నా వైపు తోశాడు. "అయితే చదువు."

అది ఇంగ్లీషు. ఆ గదిలో ఒడియా ఉంది, ఇంగ్లీషు ఉంది. నాకు వచ్చిన తెలుగు లేదు. నాకు తెలుగు వచ్చని చెప్పగలిగిన మనిషి ఒక్కతే, అది బల్ల కింద తన చెప్పులు చూసుకుంటోంది. నేను కాగితం మీద వేలు పెట్టి వెతికాను. "ఇది ఎమ్, ఇది ఎఫ్. నా పనికి కావలసినవి ఈ రెండే బాబూ."

"రెండక్షరాలతో సైన్సా!" అన్నాడాయన. అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, పసిపిల్ల తప్పటడుగు వేస్తే నవ్వుతారే, ఆ నవ్వు. అది ఇంకా మంట.

"గుర్తులు తప్పలేదు బాబూ. తేడా అయిసు దగ్గర..." అని మొదలుపెట్టాను.

"మౌసీ, నువ్వెళ్ళు" అన్నాడు సారు. మెత్తగానే అన్నాడు.

పాపకు సీజన్ వచ్చింది. సారుకు మచ్చ రాలేదు. మర్నాటినుంచి కత్తి పట్టుకోవడానికి ఇంటర్ చదివిన కుర్రాడు వచ్చాడు. నా తెల్లకోటు వాడికి పొట్టిదయింది, కొత్తది కుట్టించారు. నాకు వరండా, మెట్లు, మరుగుదొడ్లు అప్పజెప్పారు. జీతం తగ్గించలేదని సారు నాకు చెప్పి మరీ సంతోషపెట్టాడు.

మెట్లు ఊడుస్తుంటే పాప వచ్చి రెండు మెట్లు కింద నిలబడింది.

"పిన్నీ, గుర్తులు కలిశాయంటే సీజన్ ఇప్పిస్తానన్నారు సారు. పద్ధతి తప్పంటే ఆయన పేరు పోతుంది, నన్ను వదలరు. నీ ఉద్యోగం పోదని మాటిచ్చారు పిన్నీ. నాకైతే ఇన్నేళ్ళూ పోయేవి."

లెక్క సరిగ్గానే వేసింది. నా బల్ల ఆ లెక్కలో కనబడలేదు, అంతే.

"నాకు సదువు రాదని అన్నది సారు కాదు. నీ నోటితో అన్నావు" అన్నాను. పాప ఏడ్చింది. నేను కింది మెట్టు ఊడ్చాలి, జరగమన్నాను. జరిగింది.

ఆ ఏడు చేపలన్నిటినీ పడవలోనే ఐసులో పెట్టారు. ఆడామగా తేడా మిగిలిందట గాని మొదట చెప్పినంత లేదట. ఉన్న కాస్తతోనే పాప డాక్టరయింది. మొదటి వ్యాసం ఎక్కడున్నది అక్కడే ఉంది, ఎవరూ కదపలేదు. మగ చేప ఓర్పు మీద సారు తన రిటైర్మెంటు సభలో కూడా మాట్లాడాడు. నేను కుర్చీలు వేశాను, తీశాను.

లైబ్రరీ గది ఊడ్చేటప్పుడు ఒకసారి పాప థీసిస్ తీసి చూశాను. అప్పటికి ఇంగ్లీషులో నా పేరు ఎలా ఉంటుందో స్టోరువాడిచేత రాయించుకుని నేర్చుకున్నాను. మొదట్లో కృతజ్ఞతలు చెప్పే పేజీ ఉంటుంది కదా, దాంట్లో అందరికంటే చివర నా పేరు ఉంది. దుమ్ము దులిపి పెట్టేశాను. పాప వెళ్ళిపోయాక చాలాకాలం నేను తెలుగు అక్షరం ముట్టుకోలేదు. కోపం ఎవరి మీదో, మానేసింది నేను. అది చాలా తెలివితక్కువ పని, మీరు చేయకండి. తర్వాత పొట్లాలు కట్టి వచ్చిన కాగితాలతో మళ్ళీ మొదలుపెట్టి ఇక్కడిదాకా వచ్చాను.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాశానంటే, ఈమధ్య బరంపురం బస్టాండులో పాప కనబడింది. ఏదో ఊళ్ళో కాలేజీలో తనే సారు ఇప్పుడు. జుట్టు అక్కడక్కడా తెల్లబడింది. నన్ను చూసి పరుగున వచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టింది.

"పిన్నీ! ఎలాగున్నావు? ఇంకా చదువుకుంటున్నావా?"

దాని మొహంలో ఆ మధ్యాహ్నాలు కనబడ్డాయి నాకు, గాజు పలకా, దూదీ. అవును అందామనే నోరు తెరిచాను.

"సదువా? నాకు సదువెక్కడిదే పాపా? నాకు సదువు రాదు కదా" అన్నాను.

మొహం మాడిపోయింది. చేతిలో సంచీ రెండో చేతికి మార్చుకుంది. అంతలో బస్సొచ్చి ఆగింది. గంప పెట్టుకుని నేను ఎక్కిన మా ఊరి దారి బస్సే అది, అప్పుడూ ఈ రంగే, ఈ డ్రైవరు తండ్రే అప్పుడు డ్రైవరు. కళ్ళు మూసుకుని ఎక్కగలను.

"పాపా, ఆ బోర్డు మీద ఏటి రాసుందో సూసి సెప్పు. అదెక్కడికెల్తాదో నాకు తెలీదు."

పాప నా వైపు చూసింది. నేను బోర్డు వైపే చూస్తున్నాను. వెనకనుంచి జనం తోస్తున్నారు.

"ఛత్రపూర్, పిన్నీ" అంది చివరికి.

"మళ్ళీ సెప్పు, ఇనబడలేదు" అన్నాను.

మళ్ళీ చెప్పింది. నేను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు కదిలేదాకా అది అక్కడే నిలబడి ఉంది. ఛత్రపూర్ దాకా ఎండ నా వైపే కొట్టింది, నీడ వైపు సీటు ఖాళీ అయినా మారలేదు.